14 కిలోలు తగ్గారు సరే, కొలెస్ట్రాల్ ఎందుకు పెరిగింది?

టంగుటూరు వైపు పల్లె నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయట పెట్టొద్దన్నారు. పొగాకు రైతు కుటుంబం, రెండు బ్యారన్లు (ఆకును మంట వేడితో ఆరబెట్టే కొట్లు). ఆమెకు 41 ఏళ్లు, భర్తకు 47. జనవరిలో ఒక రాత్రి బ్యారన్ దగ్గర మంట ఎగదోస్తుంటే ఆయనకు ఛాతీలో బరువుగా అనిపించిందట. పది నిమిషాలు కూర్చుంటే తగ్గింది. మర్నాడు ఒంగోలు వెళ్లారు. ఈసీజీ మామూలుగానే ఉంది. కానీ బరువు 88 కిలోలు, నడుము 41 అంగుళాలు, బీపీ 152/96, పరగడుపు షుగర్ 118, ట్రైగ్లిజరైడ్లు 310, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 34, చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 136 వచ్చాయి. డాక్టరు బీపీకి ఒక బిళ్ల, కొలెస్ట్రాల్‌కు ఒక బిళ్ల రాసి, బరువు తగ్గమన్నారు.

ఆయన బిళ్లలు నెల కూడా వాడలేదు. వేలం కేంద్రంలో తోటి రైతు చెప్పాడని అన్నం పూర్తిగా మానేశారు. రోజుకు 70 గ్రాముల కొబ్బరి నూనె తాగుతూ గుడ్లు, మాంసం, వెన్న, మీగడ తినడం మొదలుపెట్టారు. ఆరు నెలల్లో బరువు 74 కిలోలకు, నడుము 36 అంగుళాలకు దిగాయి. బీపీ 128/82, షుగర్ 96, ట్రైగ్లిజరైడ్లు 140, హెచ్‌డీఎల్ 41. అన్నీ బాగుపడ్డాయి. ఎల్‌డీఎల్ మాత్రం 183కు పెరిగింది. బిళ్ల మళ్లీ వేసుకోమంటే, "పొట్ట పోయింది, బీపీ పోయింది, షుగర్ పోయింది. ఇంకా రోగం ఎక్కడుంది? కొలెస్ట్రాల్ అనేది మందుల వాళ్లు పుట్టించిన భయం" అంటున్నారట. ఆయన్ని చూసి తమ్ముడు, ఊళ్లో ఇంకొందరు అదే పద్ధతి పట్టారు. ఇంటర్ చదివే కొడుకు, సన్నగా ఉన్నవాడు, తనూ అన్నం మానేస్తానంటున్నాడు. అత్తగారేమో, "అన్నం తినని మనిషికి బలం ఎక్కడిది? నువ్వెలా ఊరుకున్నావే" అని కోడలి మీద పడుతున్నారు. మామగారు 51 ఏళ్లకే గుండెపోటుతో చేలో కుప్పకూలి పోయారు. "ఎవరి మాట నిజం? నేను ఎటు నిలబడాలి?" అని అడుగుతున్నారు ఆ సోదరి.

ఉత్తరంలో ఇంకో రెండు మాటలు దారిన పోతూ అన్నట్టు ఉన్నాయి. ఒకటి, "రోజుకు నాలుగైదు సిగరెట్లు తప్ప ఆయనకు వేరే అలవాటు లేదు." రెండోది చివరి వాక్యం: "మిగిలిన అన్నం పారెయ్యలేక నేనే తింటున్నా, నాకూ మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, అది వయసు వల్లలెండి."

అమ్మా,

రెండు రిపోర్టులూ తేదీలతో సహా రాసి పంపారు. నా పని చాలా తేలికైంది. ముందు మీవారికి నా మాటగా ఇది చెప్పండి. పుట్టినప్పటి నుంచి మూడు పూటలా తిన్న అన్నాన్ని 47వ ఏట పక్కన పెట్టి ఆరు నెలలు నిలబడటం చాలామంది వల్ల కాదు. ఆ పట్టుదలను నేను గౌరవిస్తున్నాను. ఇంట్లో కూడా ఎవరూ దాన్ని తీసిపారేయకూడదు. ఈ జవాబు ఆయనకు చదివి వినిపించేటట్టయితే ఈ నాలుగు ముక్కలు మొదట చదవండి.

డైట్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు జనవరి రాత్రి ఛాతీలో వచ్చిన ఆ బరువు సంగతి తేలాలి. పనిలో ఉండగా రావడం, కూర్చుంటే తగ్గడం నాకు నచ్చలేదు. పడుకోబెట్టి తీసిన ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన గుండె రక్తనాళాల్లో అడ్డు లేదని చెప్పలేం. గుండె డాక్టరుకు చూపించి, ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష లాంటివి అవసరమా అని అడగండి. పొగాకు నాట్ల హడావుడి మొదలైతే ఇక మీవారు కదలరు. ఆ లోపే వెళ్లండి. ఈ మధ్యలో మళ్లీ అలాంటి బరువు వచ్చినా, నొప్పి చేతికో దవడకో పాకినా, చల్లటి చెమట పట్టినా గ్యాస్ అనుకుని సోడా తాగించి పడుకోబెట్టకండి. వెంటనే 108కు ఫోన్ చేయండి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మీ ఇంట్లో తగాదా అంతా ఒక్క అపోహ మీద నడుస్తోంది. బరువు తగ్గితే గుండెకు సంబంధించినవన్నీ దాంతోపాటే తగ్గుతాయని మీవారు నమ్ముతున్నారు. ఎల్‌డీఎల్ పెరిగింది కాబట్టి బరువు తగ్గడమే దండగ అయిందని మీకు అనుమానం. ఇద్దరి మాటలోనూ సగమే నిజం ఉంది.

ట్రైగ్లిజరైడ్లు అంటే రక్తంలో తిరిగే కొవ్వు. మనం తిన్న అన్నం, చక్కెర ఒంటికి ఖర్చయినంత ఖర్చవగా, మిగిలిన దాంట్లో కొంత భాగాన్ని లివర్ కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. మన పళ్లెంలో అన్నం కుప్పగానూ కూర చెంచాడుగానూ ఉంటుంది కాబట్టి, మనవాళ్లలో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ అనే జోడీ బాగా కనిపిస్తుంది. పొట్ట చుట్టూ చేరిన కొవ్వు ఇన్సులిన్‌ను సరిగ్గా పనిచేయనివ్వదు. బీపీనీ ఎగదోస్తుంది. అందుకే బరువు తగ్గగానే ముందుగా మాట వినేవి ఇవే. ఒంటి బరువులో నూటికి 5 నుంచి 10 వంతులు తగ్గినా బీపీ, షుగర్, ట్రైగ్లిజరైడ్లు మూడూ కిందికి వస్తాయి. సగటున కిలో తగ్గితే పై బీపీ ఒక పాయింటు తగ్గుతుందని లెక్క. మీవారు 16 వంతులు తగ్గారు. షుగర్ వ్యాధి గుమ్మం దాకా వచ్చిన మనిషి వెనక్కి తిరిగారు. ఇది నిజమైన లాభం, దీన్ని పోగొట్టుకోకూడదు.

ఎల్‌డీఎల్ దారి వేరు. అది బరువు మీద కంటే తినే కొవ్వు రకం మీద, పుట్టుకతో వచ్చిన శరీర తత్వం మీద ఎక్కువ ఆధారపడుతుంది. రక్తంలో ఉన్న ఎల్‌డీఎల్‌ను లోపలికి లాక్కోవడానికి లివర్ కణాల మీద తలుపుల్లాంటివి ఉంటాయి. వెన్న, నెయ్యి, మీగడ, కొబ్బరి నూనెల్లో ఉండే సంతృప్త కొవ్వు బాగా ఎక్కువైతే ఆ తలుపుల సంఖ్య తగ్గిపోతుంది. ఎల్‌డీఎల్ బయటే, రక్తంలోనే తిరుగుతుంటుంది. కొబ్బరి నూనెలో నూటికి 80 పాళ్లకు పైగా సంతృప్త కొవ్వే. అంటే రోజుకు 70 గ్రాములు తాగితే 55 గ్రాములకు పైనే లోపలికి పోతోంది. వెన్న, మీగడ దీనికి అదనం. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి 22 గ్రాములు దాటకపోవడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెబుతుంది.

అయితే ఇంకో కారణం లేదా అని మీరు అడగొచ్చు. ఉంది, చూడాలి. బరువు చురుగ్గా దిగుతున్న రోజుల్లో కొందరికి కొలెస్ట్రాల్ తాత్కాలికంగా పెరిగి, బరువు నిలబడ్డాక తగ్గుతుంది. థైరాయిడ్ మందగించినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది కాబట్టి టీఎస్‌హెచ్ పరీక్ష ఒకటి చేయించాలి. బిళ్ల మానడం వల్ల పెరిగిందేమో అన్నారు మీరు. జనవరిలో రక్తం ఇచ్చేటప్పటికి ఆయన ఏ బిళ్లా మొదలుపెట్టలేదు కదా. అప్పుడూ బిళ్ల లేదు, ఇప్పుడూ లేదు. మధ్యలో మారింది తిండే.

ఫిన్లాండ్‌లో నార్త్ కరేలియా అనే ప్రాంతం ఉంది. 1970 ప్రాంతంలో ప్రపంచంలోకెల్లా గుండెపోటు చావులు బాగా ఎక్కువగా ఉన్న చోట్లలో అదొకటి. మీలాంటి వ్యవసాయ కుటుంబాలే. పాడి వాళ్ల బతుకు, వెన్న లేకుండా ముద్ద దిగేది కాదు. అడవుల్లో చెట్లు కొట్టే, చేలల్లో చెమటోడ్చే మగవాళ్లు నడి వయసులో గుండె ఆగి పోతుండేవాళ్లు. 1972లో అక్కడ ఒక కార్యక్రమం మొదలైంది. వెన్న బదులు నూనె, ఉప్పు తగ్గించడం, కూరగాయలు పెంచడం, పొగ మానడం. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లతో కూర్చుని వంటలు మార్చారు. 40 ఏళ్లలో పనిచేసే వయసు మగవాళ్లలో గుండె రక్తనాళాల జబ్బు చావులు నూటికి 80కి పైగా తగ్గాయి. మధ్యలో మంచి వైద్యమూ వచ్చింది, దాని వాటా దానికుంది. కానీ ఆ తగ్గుదలలో పెద్ద భాగం కొలెస్ట్రాల్, బీపీ, పొగ తగ్గడం వల్లే వచ్చింది. మీవారికి చెప్పాల్సిన ముక్క ఏమిటంటే, ఆ 40 ఏళ్లలో అక్కడి మగవాళ్ల సగటు బరువు తగ్గలేదు, కాస్త పెరిగింది కూడా.

దీనికి అటు వైపు నుంచి ఇంకో ఉదాహరణ. అమెరికాలో షుగర్ ఉన్న 5,145 మంది మీద లుక్ అహెడ్ అనే పెద్ద పరిశోధన జరిగింది. ఒక గుంపుకు తిండి తగ్గించి, వ్యాయామం చేయించి గట్టిగా బరువు తగ్గించారు. బీపీ, షుగర్ బాగుపడ్డాయి. అయినా దాదాపు పదేళ్లు చూశాక గుండెపోటు, పక్షవాతం సంఖ్యలో రెండో గుంపుతో తేడా తేలలేదని 2013లో ప్రకటించారు. బరువు తగ్గడం వృథా అని దీని అర్థం కాదు. వాళ్లలో మందుల అవసరం తగ్గింది, నడక, నిద్ర మెరుగయ్యాయి. గుండెకు ఆ ఒక్కటే సరిపోతుందని ధీమాగా కూర్చోకూడదని మాత్రం తెలిసింది.

మీవారికి ఇది బ్యారన్ భాషలో చెబితే సులువుగా ఎక్కుతుంది. ఆకు రంగు తిరిగింది, రెక్క గలగలలాడుతోంది, చూడటానికి మొదటి గ్రేడు. ఈనె ఆరిందో లేదో చూడకుండా ఏ రైతూ బేలు కట్టడు. కడితే లోపల్నుంచి బూజు పడుతుందని ఆయనకు నేను చెప్పక్కర్లేదు. 183 దగ్గర ఉన్న ఎల్‌డీఎల్ ఆ ఆరని ఈనె. నొప్పి ఉండదు, పైకి కనపడదు. ఏళ్ల తరబడి రక్తనాళం గోడలోకి చేరుతూ పోతుంది. తండ్రి 51కి పోయిన ఇంట్లో నాలుగేళ్లు ఆగి చూద్దాం అనడానికి నాకు మనసొప్పడం లేదు.

మీ ముందున్న దారులు చెబుతాను. ఎంచుకోవాల్సింది మీరిద్దరూ, మీ డాక్టరూ.

ఇప్పుడున్నట్టే సాగించడం ఒక దారి. బరువు, షుగర్ అదుపులో ఉంటాయి. ఎల్‌డీఎల్ అక్కడే ఉంటుంది, దానికి అడ్డుకట్ట ఏదీ ఉండదు. నేను దీన్ని సమర్థించలేను.

పోయిన ఆరు నెలలూ మర్చిపోయి పాత భోజనానికి వెళ్లిపోవడం, అంటే అత్తగారు కోరుకునేది, ఇంకో దారి. ఎల్‌డీఎల్ కొంత దిగుతుంది. కానీ ట్రైగ్లిజరైడ్లు, పొట్ట, బీపీ మళ్లీ ఎక్కుతాయి. అన్నం తిరిగి మొదలుపెట్టిన వారంలోనే ఒకటి రెండు కిలోలు పెరుగుతాయి. అందులో చాలావరకు నీరే. అది చూసి మీవారు బెదిరిపోయి మళ్లీ నూనె గ్లాసు అందుకుంటారు. ఇటూ అటూ ఊగడం ఒంటికీ మంచిది కాదు, ఇంట్లో మనశ్శాంతీ ఉండదు.

నాకు నచ్చింది మధ్య దారి. అన్నం విషయంలో ఆయన పట్టును అలాగే ఉంచి, కొవ్వు రకాన్ని మార్చడం. తాగే నూనె ఈ రోజే ఆపేయాలి. అది మందు కాదు, 70 గ్రాములకు 630 కేలరీలు. వెన్న, మీగడ పక్కన పెట్టి, వంటకు వేరుశనగ నూనో నువ్వుల నూనో మనిషికి నెలకు ముప్పావు లీటరు దాటకుండా వాడండి. వేరుశనగ నూనెలో సంతృప్త కొవ్వు నూటికి 20 లోపే. పామాయిల్‌లో సగం దాకా ఉంటుంది, ప్యాకెట్ చౌక అని తేకండి. బజారు బజ్జీలు, మిక్చర్లు ఎక్కువగా వేగేది అందులోనే.

కొత్తపట్నం తీరం మీకు ఎంత దూరం! వేట మాంసం బదులు వారానికి రెండు మూడు సార్లు చేప తెచ్చుకోండి. ఖరీదైన వంజరమే కానక్కర్లేదు, కవళ్లు, కానాగంతలు గుండెకు ఇంకా మంచివి. వేపుడు కాకుండా పులుసు పెట్టండి. నెల్లూరు పద్ధతిలో పైన నూనె తేలితేనే పులుసు అంటారు. గంట ఆగి, ఆ తేలిన నూనె గరిటెతో తీసేసినా మామిడికాయ పులుపు ఎక్కడికీ పోదు. పప్పు, పెసలు, అలసందలు, గోరుచిక్కుడు, బెండ, ఆకుకూరలు ఆయన పళ్లెంలోకి తిరిగి రావాలి. ఈ డైట్‌లో పప్పు మాన్పించడం నాకు అన్నిటికంటే బాధ కలిగించింది. పప్పులోని పీచు కొలెస్ట్రాల్‌ను పేగులోనే పట్టుకుని బయటికి పంపుతుంది. రోజుకో పిడికెడు వేరుశనగ గుళ్లు తినొచ్చు. ఉప్పు మాత్రం మనిషికి రోజుకు చిన్న చెంచాడు లోపు. మన వైపు ఊరగాయ, ఉప్పు చేప, అప్పడాల్లోనే అంతకు మించి పోతుంది, బీపీ మళ్లీ లేవకుండా ఉండాలంటే వీటిని చూసుకోవాలి.

ఆయనకు అన్నం మీద మనసు పోతే మధ్యాహ్నం ఒక టీ కప్పుడు వండిన అన్నం, దానికి రెండింతలు కూర, పప్పు. కూర ముందు, అన్నం తర్వాత. మీ అత్తగారు చిన్నప్పుడు తిన్న జొన్న, సజ్జ కూడా మంచివే, అయితే రొట్టె అన్న పేరు చెప్పి నాలుగు తింటే అన్నం తిన్నట్టే. ఇలా మార్చి ఆరు నుంచి ఎనిమిది వారాలు చూసి, బరువు నిలకడగా ఉన్నప్పుడు మళ్లీ రక్తం ఇవ్వండి. ఈ రకం డైట్‌తో పెరిగిన ఎల్‌డీఎల్ చాలామందిలో ఈ గడువులోనే బాగా దిగుతుంది. లైపోప్రోటీన్-ఏ అనే పరీక్ష కూడా జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే మేలు. వంశంలో వచ్చేది అది, తిండితో మారదు. మామగారి విషయం తెలిశాక దాన్ని వదిలేయకూడదు.

ఇక బిళ్ల. తిండి మార్చినా ఎల్‌డీఎల్ జనవరి నాటి 136కే వచ్చి ఆగిందనుకోండి. తండ్రి చరిత్ర, సిగరెట్లు, ఛాతీ బరువు అన్నీ కలిపి చూసే డాక్టరు బిళ్ల వేసుకోమనే అనొచ్చు. పరీక్షల్లో రక్తనాళంలో అడ్డు కనిపిస్తే ఇక ఆలోచించాల్సింది లేదు. స్టాటిన్లు అనే కొలెస్ట్రాల్ బిళ్లలు మోతాదును బట్టి ఎల్‌డీఎల్‌ను మూడో వంతు నుంచి సగం దాకా తగ్గిస్తాయి. ఎల్‌డీఎల్ 39 పాయింట్లు తగ్గితే గుండెపోటు, పక్షవాతం ముప్పు సుమారు ఐదో వంతు తగ్గుతుందని లక్షకు పైగా మనుషుల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి లెక్క తేల్చారు. ఇబ్బందులు లేవని చెప్పను. కొందరికి కండరాల నొప్పులు వస్తాయి, షుగర్ అంచున ఉన్నవాళ్లకు కాస్త పెరగొచ్చు. అలాంటప్పుడు మోతాదు తగ్గించడానికో, మందు మార్చడానికో వీలుంది. తనంతట తాను ఆపేయడం, డాక్టరుకు చెప్పకుండా దాచడం మాత్రం వద్దు. బీపీ బిళ్ల సంగతి వేరు. ఇంట్లో మిషన్‌తో వారం రోజులు పొద్దున, సాయంత్రం కొలిచి రాసిన చీటీ తీసుకెళ్తే, అది నిజంగా అక్కర్లేదని డాక్టరే చెప్పవచ్చు. అప్పుడు ఆయన కష్టానికి ఫలితం కళ్లెదుట కనిపిస్తుంది.

సిగరెట్ల గురించి మీరు ఒక్క వాక్యంతో సరిపెట్టారు. నాలుగైదే కదా అని అందరూ అనుకుంటారు. గుండె దగ్గర ఆ లెక్క అలా నడవదు. రోజుకు ఒక్క సిగరెట్టు తాగే వాళ్లకు కూడా ఇరవై తాగేవాళ్లకు పెరిగే గుండె ముప్పులో దాదాపు సగం ఉంటుంది. సగానికి తగ్గించడం వల్ల పెద్దగా ఒరగదు, పూర్తిగా మానితే ఏడాదిలోనే అదనపు ముప్పు సగానికి పడిపోతుంది. పొగాకు మీద బతికే ఇంట్లో ఈ మాట అనడం కష్టమని నాకు తెలుసు. మీ పంట జోలికి నేను రావడం లేదు. 14 కిలోలు తగ్గించిన మొండితనం ఉన్న మనిషి ఈ నాలుగూ మానగలడు, అంతే నా నమ్మకం.

మీ అత్తగారి మీద కోపం తెచ్చుకోకండి. చేలో పడిపోయిన భర్తను చూసిన మనిషి ఆవిడ. అన్నం అంటూ ఆవిడ గొడవ చేస్తున్నా, ఆ గొడవ వెనక ఉన్నది కొడుకును పోగొట్టుకుంటానేమోనన్న టెన్షన్. పప్పు, పులుసు, ఆకుకూర మళ్లీ పళ్లెంలోకి వస్తే ఆవిడకు కొంత ఊరట. వంట మార్పు ఆవిడ చేత్తోనే మొదలుపెట్టించండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మామగారి సంగతి ఆవిడనే చెప్పమనండి. ఆయనకు అంతకుముందు ఏమైనా నొప్పి ఉండేదా, చుట్ట తాగేవారా అన్న వివరాలు ఆవిడకే తెలుసు.

అబ్బాయికి అన్నం మానాల్సిన పని లేదు. ఎదిగే వయసు, సన్నని ఒళ్లు. కానీ తాత చరిత్రను బట్టి వాడికి కూడా ఒకసారి కొలెస్ట్రాల్ చూపించడం న్యాయం. మరిదిగారిని, మిగతా వాళ్లను ఆపడం మీ పని కాదు. మీవారే రెండో రిపోర్టు తీసి, "నాకు ఇదీ జరిగింది, మీరూ రక్తం చూపించుకోండి" అంటే చాలు. ఆ ఊళ్లో ఆయన మాటకు ఇప్పుడు విలువ ఉంది.

"నేను ఎటు నిలబడాలి" అన్నారు. బరువు విషయంలో ఆయన వైపు, ఎల్‌డీఎల్ విషయంలో డాక్టరు వైపు నిలబడండి. "నువ్వు తప్పు చేశావు" అని మొదలుపెడితే సంభాషణ అక్కడే ఆగిపోతుంది. "బాగా చేశావు, ఒకటి మిగిలింది" అనండి.

చివరికి మీ సంగతి. ఉత్తరం మొత్తం ఇంట్లో అందరి గురించీ రాసి, మీ ఆయాసాన్ని ఒక్క ముక్కలో తేల్చేశారు. 41 ఏళ్లకు మెట్లెక్కితే వచ్చే ఆయాసాన్ని వయసు ఖాతాలో వేయడానికి వీల్లేదమ్మా. రక్తహీనత కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, పెరిగిన బరువు కావచ్చు, గుండె కూడా కావచ్చు. ఆడవాళ్లలో గుండె జబ్బు కొన్నిసార్లు నొప్పి లేకుండా, ఆయాసంగా, నీరసంగానే బయటపడుతుంది. మిగిలిన అన్నం మీ పొట్టలోకి పోకుండా రేపటి నుంచి అరసోలెడు బియ్యం తక్కువ పోయండి. మీ నడుము కూడా ఒకసారి టేపు పెట్టి కొలవండి, మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, అంటే 31 అంగుళాలున్నర దాటితే జాగ్రత్త పడాలి. ఒంగోలుకు మీవారిని తీసుకెళ్లిన రోజున మీరు బయట బెంచీ మీద కూర్చోకండి. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్, షుగర్, కొలెస్ట్రాల్, బీపీ, ఈసీజీ. రెండో చీటీ మీ పేరు మీద రాయించుకోండి. రెండు రిపోర్టులూ వచ్చాక నాకు మళ్లీ రాయండి.